కంబళి మీద మాట

హులిగమ్మకు మొగుడి మీద ఉన్న ఫిర్యాదుల్లో తాగుడు రెండోది. మొదటిది, ఆ మనిషికి సంగటి చల్లారేదాకా ఆగడం చేతకాదు. పొగలు కక్కే ముద్దలో వేళ్లు దూరుస్తాడు, నాలుక కాల్చుకుంటాడు, కాల్చుకుని సంగటిని తిడతాడు. ఏడేళ్ల కాపరంలో సంగటీ మారలేదు, రామన్నా మారలేదు. పెళ్లినాడు పెద్దలు అక్షింతలు చేతిలోకి తీసుకోకముందే తాళి కట్టేసి, “అయిపాయ గదా, ఇంగ బువ్వ పెట్టండి” అన్న పెళ్లికొడుకు ఆదోని తాలూకా మొత్తంలో ఇతనొక్కడే. హులిగమ్మ నీళ్లోసుకున్న మూడో నెలలోనే సంతకు పోయి చంటిపిల్ల గాజులు కొనుక్కొచ్చాడు. “ఆడబిడ్డని ఎవరు చెప్పినారు నీకు?” అంటే, “మగోడైతే నువ్వేసుకో” అన్నాడు. ఆ గాజులు ఆమెకు రెండు వేళ్లు దాటి పోలేదు. ఏదో భీమమ్మ పుట్టింది కాబట్టి పరువు దక్కింది.

పోయిన వారం పత్రికను ఎదురింటివాళ్లకు ఎరువిచ్చి పోగొట్టుకున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఆదోనిలో పత్తి ప్రెస్సులో బేళ్లు కట్టే ఈ రామన్న, మద్యనిషేధం అమలులో ఉండగా, దొంగసారా తాగాడు. తాగినవాళ్లు చాలామంది ఉన్నారు. పట్టుబడింది ఇతను. ఎట్లాగంటే, తాగి ఇంటికొస్తూ దోవలో ఖాళీగా నిలబెట్టిన పోలీసు జీపు చూసి, ఎక్కి కూర్చుని, హారను కొట్టాడు. ఎందుకు కొట్టావని అడిగితే, “అది ఆడ ఉండె, నేను ఈడ ఉంటి” అన్నాడు. ఈ వాదనకు మేజిస్ట్రేటు నెల రోజులు వేశాడు.

విడుదలై నాలుగు రోజులయింది. ఈ పొద్దున ఎమ్మిగనూరు నుంచి హులిగమ్మ తండ్రి తిమ్మప్ప, కులపెద్ద దుర్గప్పను వెంటబెట్టుకుని మొదటి బస్సుకు దిగాడు. అల్లుడు ప్రమాణం చేస్తే సరి. చేయకపోతే మధ్యాహ్నం బస్సుకు కూతురూ మనవరాలూ ఆయన వెంట ఎమ్మిగనూరు పోవలసిందే, మళ్లీ రావడమనేది ఉండదు. వాళ్ల కులంలో ప్రమాణమంటే నల్ల కంబళి పరిచి, దాని మీద బీరప్ప గుడి పసుపు పోస్తారు. ఆ పసుపును భండారం అంటారు. కంబళి తొక్కి, భండారం నొసట పెట్టుకుని అన్న మాట చచ్చేదాకా మాటే. పెళ్లి మాటలూ దాని మీదే, అన్నదమ్ముల పంపకాలూ దాని మీదే. కంబళి మీద మాట తప్పినవాణ్ని ఆ కులంలో ఎవరూ చూసి ఎరగరు, చూసినవాళ్లుంటే చెప్పుకోలేదు.

రామన్న తన ఇంటి వాకిట్లో పరిచిన ఆ కంబళి అంచుదాకా వచ్చి నిలబడిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక దేని ముందరైనా అతను ఆగడం అదే మొదలు. పోయిన వారం అతన్ని అక్కడ వదిలిపెట్టాం. ఇంకా అక్కడే ఉన్నాడు.

“కాలు పెట్టప్పా,” అన్నాడు దుర్గప్ప. డెబ్బై ఏళ్ల మనిషి. ఒంట్లో అన్నీ సడలినా గొంతు మాత్రం సడలలేదు. “రేపటినుంచి ముట్టను అను. ఒక్క మాట. నేను ఊఁ అంటా, మీ మామ ఊఁ అంటాడు. నాలుగు మెతుకులు తిని మా దోవన మేం పోతాం.”

“పెట్టను,” అన్నాడు రామన్న.

“ఏం పెట్టవు? మెతుకులా?”

“కాలు.”

తిమ్మప్ప తొడ మీద చరుచుకున్నాడు. “ఇన్నావా దుర్గప్ప మామా! తాగకుండా ఉండలేడు. కంబళి తొక్కి అబద్ధం ఆడేకి భయం. ఆ మాత్రం భయమన్నా ఉండాది, మెచ్చుకోవల్ల.”

“ఈ పొద్దు తాగలా మామా,” అన్నాడు రామన్న. “నిన్న తాగలా, మొన్న తాగలా. నీ బిడ్డనడుగు.”

“రేపు?”

“రేపటి మాట నన్ను అడగొద్దు.”

తిన్నెకు ఆనుకుని జొన్నలు చెరుగుతున్న రామన్న తల్లి ఉరుకుందమ్మ చేట ఒక్క దెబ్బ తప్పింది. మళ్లీ అందుకుంది. ఎదురుగా ఇంత రభస జరుగుతున్నా ఆమె పొద్దున్నించీ చెరుగుతూనే ఉంది. ఆ జొన్నల్లో రాళ్లు ఎప్పుడో అయిపోయాయని హులిగమ్మకు తెలుసు.

తిమ్మప్ప కూతురి వైపు తిరిగాడు. ఇప్పటిదాకా గట్టిగా అరిచిన మనిషి గొంతు తగ్గించాడు. గొంతు తగ్గిస్తేనే ఆయనతో కష్టం. “అమ్మా, నీ మగ్గం గుంత నేను పూడ్చలా. ఏడేండ్లాయ. మీ వదిన దాంట్లో కట్టెలు పెట్టుకుంటానంటే ఒప్పలా. నీ చేతి కంబళి కావల్లని ఇప్పటికీ అడిగేవాళ్లుండారు. పిల్ల నా కాడ పెరుగుతుంది. మూట కట్టుకో.”

హులిగమ్మ లోపలికి పోయింది. మూటకే పోయిందనుకుని తిమ్మప్ప తువ్వాలు దులుపుకుని లేచాడు. ఆమె పీట తెచ్చి, కంబళికి ఎదురుగా వేసుకుని కూర్చుంది. భీమమ్మ వచ్చి ఒళ్లో చేరింది.

“ఏందమ్మా ఇది?” అన్నాడు దుర్గప్ప. “ఆడకూతురు కంబళి ముందర కూచుని మాట్లాడేది యాడన్నా ఉందా?”

“నిలబడి మాట్లాడమంటే నిలబడతా తాతా. పొద్దున్నించి మీకందరికీ నీళ్లూ వక్కాకూ అందిచ్చి కాళ్లు నొస్తాండాయి, అంతే.” మొగుడి వైపు చూసింది. “నువ్వు చెప్పు. వాళ్లకొద్దు, నాకు చెప్పు. కంబళి ఎందుకు తొక్కవు?”

రామన్న మెడ గోక్కున్నాడు. వీధి వైపు చూశాడు. మామూలుగా అయితే ఈపాటికి అటే వెళ్లిపోయేవాడు, బజారులో తేలేవాడు, ఆ తర్వాతది అందరికీ తెలిసిందే. హులిగమ్మ చూపు అతన్ని పట్టుకుని ఉంది.

“నాకు ఏడేండ్లప్పుడు కరువొచ్చె,” అన్నాడు.

“అందరికీ వచ్చె,” అన్నాడు తిమ్మప్ప.

“చెప్పనీ నాయినా.”

“నన్ను కూటికి పెట్టినారు. జొన్నగిరి పక్క పల్లెలో, గొర్రెలాయన ఇంట్లో.” కూటికి పెట్టడమంటే జీతం లేదు, బత్తెం లేదు, పిల్లవాడు పనిచేస్తాడు, వాళ్లు తినేదాంట్లో ఇంత పెడతారు. కన్నవాళ్లకు ఒక నోరు తగ్గుతుంది. “అమ్మే తోలకపోయె. నడిచి పోతిమి. దొడ్డి ముందర అమ్మ తన కంబళి పరిచె. దీని మీద కూచో రామా, లెయ్యొద్దు, రేపొస్తా అనె. కంబళి మీద కూచోబెట్టి చెప్పె గదా. నేను లెయ్యలా.”

చేట చప్పుడు ఆగింది.

“ఎన్నాళ్లు?” అంది హులిగమ్మ.

“రెండు దినాలు. మూడోనాడు కాపరోళ్లు నవ్వుకుంటా కంబళితో పాటే ఎత్తుకపోయి దొడ్లో ఏసిరి. ఏడిస్తి. ఏడుపు మానల్లని ముంతలో ఇంత కల్లు పోసిరి.” రామన్న ముఖంలో నవ్వులాంటిదేదో వచ్చి పోయింది. “అబద్ధమెందుకు, బాగుండె. తాగితే ఆ పొద్దే నిద్దరొచ్చె. రేపటిదాకా కాసుకొని కూచునే పని తప్పె. ఇంగ దినామూ అడిగేవాణ్ని. దినామూ ఇచ్చిరి. ఇస్తామన్నది ఇచ్చినోళ్లు ఆ ఊర్లో వాళ్లొక్కరే.”

దుర్గప్ప వక్క నములుతున్న దవడ ఆపాడు.

“నలుగురు పిల్లోళ్లకు ఒకే తలెలో కూడు,” అన్నాడు రామన్న, ఇక మొదలుపెట్టాక ఆగడం అతనికి రాదు కదా. “చల్లారనీలే అని కూచుంటే ఏళ్లు నాక్కోవల్ల. చేతిలో ఉండేది అప్పుడే తినెయ్యల్ల, తాగెయ్యల్ల. దాసిపెట్టింది తెల్లారేసరికి ఎవడిదో అవుతుంది. మూడేండ్లుంటి. మా యమ్మ మాత్రం ఏం చేస్తుంది? రెండుతూర్లు వచ్చిందంట. ఆ గొర్రెలాయనే బిడ్డను ఇయ్యను పో అన్యాడంట. ఆయప్ప ఇంకా బతికే ఉండాడు. అమ్మను అనేకి లేదు. కానీ ఆ కంబళి చూస్తే నా కాలు రాదు. రేపు అనే మాట నా నోట్లో నిలవదు. తాగను అంటే తాగను. ఈ పొద్దు వరకు. అంతకు మించి చెప్తే అది అబద్ధమో నిజమో నాకే తెలీదు.”

హులిగమ్మ ఏడేళ్లుగా ఈ మనిషికి సంగటి వడ్డిస్తోంది. కాల్చుకున్న నాలుకకు వెన్న రాసింది, రాస్తూ వెక్కిరించింది. ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని నవ్వింది. ఇప్పుడు ఆమెకు నవ్వు రాలేదు. ఒళ్లో పిల్ల తల మీద చెయ్యి వేసింది. నెల రోజులు ఈ పిల్ల నాయిన ఏడని అడిగితే తనేం చెప్పింది? రేపొస్తాడు. దినామూ అదే. పన్నెండో నాడో పదమూడో నాడో భీమమ్మ అడగడం మానేసింది. పిల్ల సర్దుకుంది, తెలివైంది అనుకుంది తను. నాలుగు రోజుల కింద నాయిన గుమ్మంలోకి వస్తే ఆ పిల్ల పరుగెత్తలేదు. చేతిలో ఉన్న బెల్లం ముక్క గబుక్కున నోట్లో వేసుకుని, అప్పుడు చూసింది.

తిమ్మప్ప గొంతు సవరించుకున్నాడు. “బాధే. కాదన్ను. కానీ కరువులో మీ ఇంటి పిల్లోడొక్కడే కూటికుండ్లేదు. నా కొడుకు రంగన్న రెండేండ్లు గొర్రెలు కాసినాడు. ఈ పొద్దు ఎమ్మిగనూరులో మగ్గం నేస్తాండాడు. సారా వాసన కూడా ఎరగడు. గొర్రెలు కాసినోళ్లంతా జీపులెక్కి హారన్లు కొడితే లోకం యట్లుంటుంది?”

“రంగన్నను నువ్వు పెట్టింది మేనత్త ఇంట్లో నాయినా,” అంది హులిగమ్మ. “సంత సంతకూ అమ్మ పోయేది. ఒగ సంతకు జొరమొచ్చి అమ్మ పడుకుంటే, నువ్వు మగ్గం దిగి పోయినావు. నాకు జ్ఞాపకముంది, అలసందలు ఏయించి ఇచ్చింది నేనే. వాడికి వస్తామన్నోళ్లు వచ్చేవాళ్లు. ఈయనకు రాలే. గొర్రెలు ఒకటే, కరువు ఒకటే.”

తిమ్మప్ప తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. మగ్గం దిగి పోయిన సంగతి ఆయనకే గుర్తులేదు.

“అయితే తాగొచ్చునంటావా?” అన్నాడు దుర్గప్ప. అడగవలసిన ప్రశ్నే. “చిన్నప్పుడు కష్టపడినాడు, పోనీలే పాపమని ముంత అందిస్తావా?”

“తాగితే తలుపు తియ్యను. తిన్నె మీద పండుకోమంటా, దోమలు చూసుకుంటాయి. నేనేమన్నా దేవతనా తాతా? వాడు పాపం, వీడు పాపమని ఓర్చుకుంటా కూచునేకి నాకు ఒళ్లు రాదు.” భీమమ్మను కిందికి దించి లేచింది. “కానీ ఇంగ ఈయన్ను ఎవురూ రేపటి సంగతి అడగొద్దు. తెల్లారి లేస్తూనే నేను అడుగుతా, ఈ పొద్దు యట్లప్పా అని. చెప్పింది నిలబెట్టుకుంటే సంగటి. లేకుంటే తిన్నె. మళ్లా తెల్లారితే మళ్లా అడుగుతా. రేపటిని మీరు మూటగట్టుకుని ఎమ్మిగనూరు తీసకపోండి. ఈ పొద్దు నాకు ఇడిసి పోండి.”

అని, వంగి, కంబళి చుట్టేసింది.

భండారం తిన్నె మీద, దుర్గప్ప పంచె మీద, కొంత గాలిలో. ఆయన చేతులు పైకెత్తి అట్లాగే ఉండిపోయాడు. కులం పరిచిన కంబళిని ఆడది చుట్టడం ఆయన డెబ్బై ఏళ్లలో చూడలేదు. తిట్టడానికి మాట వెతుక్కుంటే దొరకలేదు, ఎందుకంటే ఇంతవరకు ఆ తిట్టు అవసరపడలేదు.

తిమ్మప్పకు మాత్రం దొరికాయి. “మొగుడు జీపెక్కితే పెండ్లాము కులమెక్కింది! నా మాట కాదని ఈ గడపలో ఉన్నావంటే, నా గడప నీకు లేదు. రేపు వీడు తన్ని తరిమితే నా కాడికి రావద్దు. మగ్గం గుంత పూడ్పిస్తా.”

ఆ చివరి మాట తగిలింది. హులిగమ్మ చేతిలో కంబళి చుట్ట ఒక్క క్షణం జారబోయింది. పట్టుకుంది.

“పూడ్పియ్యి నాయినా. వదినకు కట్టెలకు చోటు లేదంటివి గదా.” అని నవ్వింది. “ఆదోనిలో నేల గట్టిదే, గుంత తవ్వితే నిలుస్తుంది. మగ్గం నేసే చేతులు నాకాడుండాయి.”

తిమ్మప్ప తువ్వాలు భుజాన వేసుకున్నాడు గానీ కదల్లేదు. హులిగమ్మ కంబళి చుట్టను చంకలో బిగించుకుని దుర్గప్ప వైపు తిరిగింది.

“తాతా, ప్రమాణం కావల్లన్నారు గదా. చేయిద్దాం. ఈయనతో కాదు. ఆ గొర్రెలాయన ఇంకా బతికే ఉండాడంట. పసిబిడ్డ నోట్లో కల్లు పోయించి, కన్నతల్లి వచ్చి అడిగితే ఇయ్యను పో అన్న మనిషి. ఆయన గుమ్మం ముందర ఇదే కంబళి పరుస్తా. తొక్కి చెప్పమంటా, యా న్యాయాన ఇయ్యలేదో. మీరు వస్తే కులం వచ్చినట్లుంటుంది. రాకపోయినా నేను పోతా.”

దుర్గప్ప పంచె మీది పసుపు దులుపుకుంటూ ఆలోచించాడు. ఆడదానికి భయపడినట్లు కాకుండా, తాగుబోతును వదిలేసినట్లు కాకుండా, తన పెద్దరికం నిలిచే దోవ ఇదొకటి కనిపించింది. “అది అడగవలసిన మాటే,” అన్నాడు. “తల్లి అడిగినాక బిడ్డను బిగబట్టుకునేది ధర్మం కాదు. ఏమంటావు తిమ్మప్పా?”

“మందలో గొర్రెపిల్లను కూడా తల్లికి ఇడుస్తారు,” అన్నాడు తిమ్మప్ప. ఆయన కోపానికి కొత్త మనిషి దొరికాడు. అల్లుడి మీద ఉన్నదంతా ఒక్కసారిగా అటు తిరిగింది. “ఊరి ముందర నిలబెట్టి అడగల్ల వాణ్ని.”

“పోదాం పాండి,” అన్నాడు రామన్న.

“పొయ్యేది శుక్రవారం,” అంది హులిగమ్మ.

“శుక్రవారం ఎందుకు? ఇప్పుడే పోదాం.” అప్పటికే చెప్పులు తొడుగుతున్నాడు. కుడిది ఎడమకాలికి తొడిగాడు, విసిరేసి ఒట్టికాళ్లతోనే వీధిలోకి పోబోయాడు. ముఖం ఎర్రబడింది, పిడికిలి బిగిసింది. ఆ పిడికిలిని హులిగమ్మ ఎరుగును. అది అడగడానికి పోతున్న చెయ్యి కాదు. ఆ పల్లె చేరేసరికి మాటకు ముందు దెబ్బ పడుతుంది, ముసలిమనిషి మీద పడుతుంది, ఈసారి నెల రోజులతో పోదు. తను రగిలించిన మంట తన కళ్లముందే వాకిలి దాటుతోంది.

“ఆగు!” అని అరిచింది.

ఆగలేదు. అతన్ని ఆపింది ఇంకో చెయ్యి.

ఉరుకుందమ్మ తిన్నె దగ్గరి నుంచి ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. జొన్నలు నేలమీద చెల్లాచెదరై ఉన్నాయి. కొడుకు మణికట్టును రెండు చేతులతో పట్టుకుని ఉంది.

“పోవద్దు,” అంది.

“ఇడువమ్మా. నీ తరపునే పోతాండా. నిన్ను గుమ్మంలోంచి తరిమినోడు వాడు.”

“తరమలా.”

రామన్నకు అర్థం కాలేదు. విడిపించుకోబోయాడు. ముసలి వేళ్లు వదల్లేదు.

“ఏందత్తా అంటాండావు?” అంది హులిగమ్మ.

“ఆయన ఇయ్యనన్లేదు.” ఉరుకుందమ్మ కోడలి వైపు చూడలేదు, పెద్దల వైపు చూడలేదు. కొడుకు మణికట్టునే చూస్తూ దానికి చెబుతున్నట్లు చెప్పింది. “తొలి ఏడు తిరక్కుండానే పోయినా నేను. వానలు పడినాయి, ఇంట్లో కూడుండె. దొడ్డి గోడ ఇవతల నిలబడినా. నువ్వు నా కంబళి కప్పుకొని గొర్రెలకు ఆకు ఏస్తాండావు. కంబళి నీకంటే పెద్దది, అంచు బురదలో ఈడ్చుకపోతాండాది. ఆయన నన్ను చూసి బయటికొచ్చినాడు. తీసకపో తల్లీ, దినామూ నిన్నే అడుగుతాడు అనె. దొడ్డి కడ్డీ కూడా తీసె.”

“మరి?” అన్నాడు రామన్న. చిన్నపిల్లవాడి గొంతులా వచ్చింది.

“కడ్డీ ఏసుకోమంటి. ఇంకా కొన్నాళ్లు ఉండనీ అంటి. నేను వచ్చినట్ల చెప్పొద్దని ఆయన చేత చెయ్యి ఏయించుకొంటి.”

“ఎందుకత్తా?” హులిగమ్మ అత్త ముందరికి వచ్చింది. “కూడుండె అంటివి గదా. మరెందుకు?”

ఉరుకుందమ్మ తల అడ్డంగా ఊపింది. “అది కూడా చెప్తా. అది ఇన్నాక వీడు ఈ ఇంట్లో నన్ను ఉండనియ్యడు. ముందర ఇది ఇననీ.” తల ఎత్తింది. ఇరవై ఏళ్లలో మొదటిసారి కొడుకు కళ్లలోకి సూటిగా చూసింది. “నువ్వు యా దినమూ నన్నొక మాట అన్లేదు. అన్లేదని నేనూ మింగుకొంటా వస్తి. కంబళి పరిచి బిడ్డకు అబద్ధం చెప్పినా, వచ్చి కూడా నిన్ను తిరిగి ఇడిసిపెట్టి పోయినా, ఆ పాపం ఒగ మంచోడి నెత్తిన ఏసి ఇన్నేండ్లు తింటి, పండుకొంటి. ఆయన తప్పు లేదు రామా. కరువు తప్పు కూడా కాదు. నాది. నేను చేసిందే తప్పు.”

(సశేషం)